జింకల జాడ: నాలుగవ పాఠం – మేత కరువైన నేల

గడచిన మూడు పాఠాలలో గిట్ట గుర్తులను చదవడం, గాలివాటం చూసుకుని నడవడం, కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాము. ఈ పాఠం రోహిణి కార్తెకు సంబంధించినది. రోళ్లు పగిలే ఎండలు కాసే ఆ పదిహేను రోజులలో హైదరాబాద్ చుట్టుపక్కల రాతినేలల మీద గడ్డి అనేది పేరుకు మాత్రమే మిగులుతుంది. అటువంటి నేలలో జింకలు కనబడవని చాలామంది కెమెరాలు సర్దేసుకుంటారు. నా అనుభవంలో అవి తేలికగా దొరికే కాలం అదే. వర్షాకాలంలో మేత అంతటా ఉంటుంది కనుక జింక ఎక్కడైనా ఉండవచ్చు. మండు వేసవిలో మేత నాలుగైదు చోట్లకే పరిమితమవుతుంది కనుక జింక కూడా ఆ నాలుగైదు చోట్లకే రావాలి. అందుచేత ఈ కాలంలో జింకను వెతకడం మానేసి, దానికి తినడానికి ఏమి మిగిలిందో వెతకాలి.

ఈ వెతుకులాటలో మొదట మోసపోయేది కన్నే. చిలుకూరు దగ్గరి మృగవని జాతీయ వనంలోని వాచ్‌టవర్ మీద నిలబడి మే నెలలో చూస్తే పచ్చదనానికి ఏమీ తక్కువ ఉన్నట్లు తోచదు. ఆ పచ్చదనాన్ని ఒక్కొక్కటిగా విడదీసి చూడండి. సర్కారు తుమ్మ ఆకును ఆకలితో ఉన్న మేక కూడా సరిగ్గా ముట్టదు. బండల సందుల్లో గుబురుగా పెరిగే సీతాఫలం ఆకు చేదు, జిల్లేడు సంగతి చెప్పనక్కరలేదు. తంగేడును దుప్పి, అంటే చుక్కల జింక, కొరికిన గుర్తు నేను ఇంతవరకు చూడలేదు. (తంగేడు మన తెలంగాణ రాష్ట్ర పుష్పం, జింక మన రాష్ట్ర జంతువు, వాటిమధ్య మాత్రం ఏ సంబంధమూ కనబడదు. రాష్ట్ర వృక్షమైన జమ్మి వేరు, దాని ఆకూ కాయా రెండూ మేతే.) ఇవన్నీ తీసివేస్తే, కంటికి పచ్చగా కనిపించిన నేలలో ముప్పాతిక భాగం జింక లెక్కలో బోడి నేలే.

ఇక మిగిలినది ఏమిటి? చుక్కల దుప్పి ప్రధానంగా గడ్డి మేసే జంతువు. గడ్డి ఎండిపోయి పీచుగా మారినప్పుడు అది చిగుళ్ల వైపు, రాలిన పూలూ కాయల వైపు మళ్లుతుంది. కాబట్టి వేసవిలో మనకు ముఖ్యమైనది చెట్టు కాదు, చెట్టు కింది నేల. మర్రి, రావి, మేడి చెట్లు పండ్లతో ఉన్నప్పుడు పైన గోరింకలు, పావురాలు, రాత్రివేళ గబ్బిలాలు తినేదానికన్నా రాల్చేదే ఎక్కువగా ఉంటుంది. ఆ రాలుడే కింద ఉన్నవాటికి విందు. నల్లమలలో ఇదే పని కొండముచ్చులు చేస్తాయి. అవి కొమ్మల్లో ఉంటే కింద దుప్పులు ఉండడం అక్కడ తిరిగేవారికి కొత్త కాదు. సీమచింత, నల్లతుమ్మ కాయలు కూడా ఈ కాలంలోనే రాలుతాయి. ఆకుతో ఎవరికీ పనికిరాని సర్కారు తుమ్మ కూడా తీపి కాయలను మాత్రం ధారాళంగా రాలుస్తుంది. వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలిలోని కృష్ణజింకల వంటి బయలు నేల జంతువులు ఆ కాయలను ఇష్టంగా తింటాయి, వాటి గింజలను పెంటికలతోపాటు కొత్తచోట్ల నాటుతాయి. ఒకప్పుడు నిజాముల వేటభూమిగా ఉండి, 1975లో జింకల వనంగా మారిన 14.59 చదరపు కిలోమీటర్ల నేల అది.

ఒక పెంటికను పుల్లతో చిదిమి చూడడం ఈ పాఠంలో తప్పనిసరి అభ్యాసం. వర్షాకాలంలో లేతగడ్డి తిన్న దుప్పి పెంటికలు మెత్తగా ముద్దకట్టి ఉంటాయి. వేసవిలో అవి విడివిడిగా, గట్టిగా, ఒక కొన మొనదేలి పడతాయి. పైన తడి మెరుపు ఉంటే అది ఆ ఉదయం పడినదే. ఎండ తగిలిన కొద్దిసేపటికే ఆ మెరుపు పోతుంది. చిదిమినప్పుడు లోపల ఎండుగడ్డి పీచు మాత్రమే ఉంటే ఆ జంతువుకు ఇంకా మంచి మేత దొరకలేదని అర్థం. ఆవగింజ కన్నా చిన్నవైన మర్రిగింజలు కనబడితే, దగ్గరలో పండ్లు రాలుస్తున్న మర్రి ఒకటి ఉందని ఆ పెంటికే మీకు చెబుతున్నట్లు. కొరికిన రెమ్మను కూడా ఇలాగే చదవవచ్చు. జింకకు పైదవడ ముందుభాగంలో పళ్లు ఉండవు కనుక అది రెమ్మను పట్టి లాగి తెంపుతుంది, తెగిన చోట పీచులు వేలాడుతుంటాయి. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్లు నున్నగా ఉంటుంది. మేక కొరికినా పీచు వేలాడుతుంది కాబట్టి మందలు తిరిగే చోట ఈ గుర్తును ఒక్కదాన్నే నమ్మకండి, పక్కన గిట్ట గుర్తు కూడా చూడండి.

నేను దెబ్బతిన్న సందర్భం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఒక మే నెలలో మూడు తెల్లవారుజాములు వరుసగా సాసర్ పిట్ (జంతువులు తాగడానికి నీళ్లు నింపే పళ్లెం వంటి లోతులేని తొట్టి) ఒకటి కనిపించే చోట కూర్చున్నాను. నీళ్లు ఉన్నచోటికి దుప్పులు రాక తప్పదన్నది నా లెక్క. లెక్క తప్పు కాదు, వేళ తప్పు. నాలుగవ రోజు వెనుదిరిగి వస్తుంటే, నేను కూర్చున్న చోటికి రెండువందల అడుగుల దూరంలోనే దారి పక్క మర్రి కింద నేలంతా గిట్ట గుర్తులతో తొక్కిసలాడినట్లు ఉంది. అవి రాత్రే నీళ్లు తాగి, తెల్లవారేసరికి మర్రి కిందికి చేరి, ఎండ ముదరకముందే నీడలోకి పోయి నెమరు వేసుకుంటున్నాయన్నమాట. నీరు జింక రోజులో కొన్ని నిమిషాల పని, మేత గంటల పని. కాబట్టి నీటి దగ్గర కాకుండా, నీటికీ మేతకూ మధ్య దారి చూసుకుని కూర్చోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మేత లేని నేలలో మనమే నాలుగు మొక్కజొన్న గింజలు చల్లితే పని సులువవుతుంది కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. మన చుక్కల దుప్పినే 1932లో అమెరికాలోని టెక్సస్‌కు తీసుకుపోయారు, అక్కడ సొంత భూముల్లో మొక్కజొన్న ఎర పెట్టి దానిని వేటాడడం చట్టసమ్మతమే. ఇక్కడ కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 లోని 2(16) నిర్వచనం ప్రకారం చంపడమే కాదు, తోలడం, ఎర పెట్టడం, ఆ ప్రయత్నాలు చేయడం కూడా వేటే. చేతిలో తుపాకి లేదు, కెమెరానే ఉంది అన్నంత మాత్రాన ఆ మాట మారదు. చట్టం సంగతి అటుంచినా, నెలల తరబడి పీచు తిన్న కడుపులోకి ఒక్కసారిగా గింజలు పడితే నెమరు సంచిలో ఆమ్లం పెరిగి, కడుపు నిండిన జంతువే చచ్చిపోవచ్చు. చపాతీలు, బ్రెడ్డు వేసే సందర్శకులకు ఈ విషయం ఎవరైనా చెప్పాలి.

దూరం విషయంలో కూడా కరువు కాలానికి వేరే కొలత ఉంది. వానాకాలంలో బెదిరిన దుప్పి పక్క గట్టుకు పోయి మేస్తుంది. ఇప్పుడు బెదిరితే పోవడానికి మరో చోటు లేదు, ఆ పూట పస్తే. తల ఎత్తి, చెవులు మీ వైపు తిప్పి, ముందుకాలు నేలకేసి కొట్టిందంటే మీరు అప్పటికే మితిమీరి దగ్గరకు వచ్చారు. ఫొటో సంగతి వదిలి వెనక్కి తగ్గండి.

ఈ వారం అభ్యాసం: అనుమతి ఉన్న నడక దారిలోనే, ఎండ నడినెత్తికి వచ్చాక, జంతువులు నీడపట్టున ఉన్న వేళ ఒకసారి నడిచిరండి. పూలో కాయలో రాలుస్తున్న ప్రతి చెట్టునూ నోటుపుస్తకంలో గీసుకున్న పటం మీద గుర్తించి, రాలుడు తాజాదో ఎండినదో పక్కన రాయండి. వాటికి దగ్గరగా, దారి మీదనే ఉన్న దుమ్మును ఒక ఆకుకొమ్మతో అరగజం మేర చదును చేసి వదలండి. మరునాడు పొద్దెక్కకముందే వెళ్లి ఏ చదును మీద గిట్టలు పడ్డాయో, ఏ దిక్కుకు పోయాయో చూడండి. అలా నాలుగు రోజులు చేస్తే పటంలోని పది చెట్లలో రెండో మూడో మిగులుతాయి. అయిదవ రోజు గాలివాటానికి ఎదురుగా ఉండేటట్లు వాటిలో ఒకదానికి దూరంగా, తెల్లవారుజామున అయిదున్నరకల్లా కూర్చోండి.

మృగశిర కార్తెలో మొదటి గట్టి వాన పడిన వారానికి గరిక లేచి ఈ పటం చెల్లకుండా పోతుంది. దానిని చించివేయకండి, తేదీ వేసి దాచండి. అయిదవ పాఠంలో వానల తరువాతి పటాన్ని దీని పక్కన పెట్టి చూడవలసి ఉంటుంది.