పాత క్రూయిజ్ కంపెనీని వదలాలా? ముందు ఈ లెక్క వేయండి

ఏళ్ల తరబడి ఒకే కంపెనీ షిప్పుల్లో తిరిగినవాళ్లకి ఇంకో కంపెనీ వైపు చూడాలంటే మనసొప్పదు. "ఇన్ని పాయింట్లు వృథా అయిపోతాయే" అన్న బెంగ. నాకూ ఉండేది. చివరికి ఒకరోజు కాగితం తీసుకుని, ఆ పాయింట్లతో పాత కస్టమర్‌గా నాకొచ్చిన హోదా వల్ల పోయిన ట్రిప్పులో నిజంగా వాడుకున్నవేమిటో రాశాను. రోజూ కొన్ని ఉచిత డ్రింకులు, వైఫైలో కాస్త తగ్గింపు, షిప్పు ఎక్కేటప్పుడు చిన్న క్యూ. అంతే! వాటికి ధర కట్టి రాత్రుల సంఖ్యతో భాగిస్తే, రెండు కంపెనీల ఛార్జీల తేడా ముందు అది ఏ మూలకూ రాలేదు.

పోల్చేటప్పుడు టికెట్ ధర ఒక్కటే చూడకండి. టిప్పులు, డ్రింక్స్ ప్యాకేజీ, వైఫై, పోర్ట్ ఛార్జీలు అన్నీ కలిపి రాత్రికి ఎంత పడుతుందో చూడండి.

మారితే హోదా మొత్తం గంగలో కలిసినట్టు కాదు. ఎంఎస్‌సీ అనే క్రూయిజ్ కంపెనీ, వేరే కంపెనీల్లో మీ స్థాయిని చూసి తన క్లబ్‌లో దానికి తగ్గ స్థాయి ఇస్తుంది. బుక్ చేయకముందే అడగండి. రాయల్ కరీబియన్, సెలబ్రిటీ, సిల్వర్‌సీ ఒకే గ్రూపువి. 2024 నుంచి ఒకదాని స్థాయికి సరితూగే స్థాయి మిగతా రెండిట్లోనూ ఇస్తున్నారు.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగమంటాను. రాయల్ కరీబియన్‌లో మామూలు గదికి రాత్రికో పాయింటు, డైమండ్ అనే పై స్థాయికి 80 పాయింట్లు కావాలి. మీరు 75 దగ్గరుంటే ఇంకో ట్రిప్పు అక్కడే కానివ్వండి. పాత కంపెనీ దగ్గర తర్వాతి ట్రిప్పుకి వాడుకోగల క్రెడిట్ ఏమైనా మిగిలి ఉంటే దాని గడువు తేదీ కూడా చూసుకోండి.