పాయింట్ 22 పిస్టల్‌లో పార్టులు మార్చే ముందు

ముందు మ్యాగజైన్ తీసేయండి. స్లైడ్ (పిస్టల్‌పై ముందుకూ వెనక్కూ జరిగే భాగం) వెనక్కి లాగి ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే చోటు) చూడండి, చిటికెన వేలితో తడిమి కూడా చూడండి. తూటాలు వేరే గదిలో ఉండాలి. "ఖాళీదేలే" అనుకున్న తుపాకులూ పేలుతుంటాయి.

ట్రిగ్గర్ మారుస్తున్నారా? అంతర్జాతీయ 25 మీటర్ల పోటీల్లో ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని నొక్కడానికి పట్టే బలం, కనీసం 1000 గ్రాములుండాలి. పిస్టల్ మొత్తం 300×150×50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. లావుపాటి గ్రిప్ కొనకముందే కొలుచుకోండి.

సియర్‌ను (ట్రిగ్గర్ నొక్కేదాకా కొట్టే భాగాన్ని పట్టి ఉంచే ముక్క) మాత్రం సొంతంగా అరగదీయొద్దు. అది గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) పని.

ఛాంబర్ ఖాళీగా ఉండగా ట్రిగ్గర్ నొక్కి చూడాలనిపిస్తుంది. ఆగండి. పాయింట్ 22 లాంటి చాలా రిమ్‌ఫైర్‌లలో (తూటా అంచు మీద కొడితే పేలే రకం) ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టే సూది) ఛాంబర్ అంచుకు తగిలి గుంట పడొచ్చు. స్నాప్ క్యాప్ (ఉత్తుత్తి తూటా) పెట్టండి.

కళ్లద్దాలు తప్పనిసరి. స్ప్రింగ్ ఎగిరిందంటే మంచం కిందే వెతుక్కోవాలి.

బ్యారెల్ మార్చాలంటే లైసెన్సు నిబంధనలు ముందే చూసుకోండి.