మోటర్‌హోమ్‌లో ప్రొపేన్ హీటరు: చలి రాత్రి తీసుకోవలసిన జాగ్రత్తలు

బొగ్గుల కుంపటి పక్కన పెట్టుకుని, తలుపులు బిగించుకుని పడుకోవద్దని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాట, అమెరికాలో మోటర్‌హోమ్ (పడకలూ వంటపొయ్యీ ఉన్న ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని కరెంటు కనెక్షన్ లేని చోట రాత్రి గడపబోయే కుటుంబానికి కూడా అక్షరాలా వర్తిస్తుంది. ఉటా రాష్ట్రంలోని బ్రైస్ కాన్యన్ అంచు సముద్రమట్టానికి 8,000 అడుగులకు పైన ఉంటుంది కనుక, అక్కడ అక్టోబరు రాత్రుల్లోనే నీళ్లు గడ్డకడతాయి. పిల్లలతో వెళ్లినవారు హీటరు లేకుండా ఉండలేరు కాబట్టి, ఏ హీటరు ఏ గాలిని వాడుకుని మండుతుందో ముందుగా తెలుసుకోవాలి.

బండిలోనే బిగించి ఉండే ఫర్నేసులో, అంటే ప్రొపేన్ అనే గ్యాసుతో నడిచే హీటరులో, మంట ఒక మూసిన పెట్టెలో మండుతుంది. అది బయటి గాలిని తీసుకుని, పొగను తిరిగి బయటికే వదులుతుంది. లోపలికి వచ్చేది వేడెక్కిన గాలి మాత్రమే. నిద్రపోయే వేళ వాడదగినది ఇదొక్కటేనని నా అభిప్రాయం. దీని చిక్కంతా బ్యాటరీతోనే. ఆ వేడి గాలిని లోపలికి తోసే ఫ్యాను 7 ఆంపియర్లు తీసుకుంటూ పది గంటల రాత్రిలో సగం సేపు తిరిగినా 35 ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి. 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి, లైట్లకూ నీళ్ల పంపుకూ మిగిలేది చాలా తక్కువ. అందుకే వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌ను 55 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 13 డిగ్రీల సెల్సియస్) దగ్గర పెట్టి, మిగతా చలిని రగ్గులకు వదిలేయడం మంచిది.

చేత్తో మోసుకెళ్లే చిన్న హీటరు సంగతి వేరు. అది మనం పీల్చే గాలితోనే మండి, ఆ మండినదాన్ని మన మధ్యే వదులుతుంది. గాలి చాలినంత ఉంటే ప్రొపేన్ బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారుతుంది. కిలో గ్యాసుకు సుమారు 1.6 కిలోల నీరు తయారవుతుంది. తెల్లవారేసరికి కిటికీ అద్దం మీంచి నీళ్లు ధారగా కారి పరుపు అంచు తడిసిపోయేది ఇందుకే. గాలి చాలకపోతే వెలువడేది కార్బన్ మోనాక్సైడు. దానికి రంగూ వాసనా ఉండవు, పైగా ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించిన బలంతో అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకుంటుంది.

కాబట్టి ఈ హీటరును అందరూ మెలకువగా ఉన్నప్పుడే వెలిగించి, పడకలు ఎక్కేముందు తప్పకుండా ఆర్పివేయాలి. ఇలాంటి చిన్న హీటరుకు గాలి ఆడడానికి కనీసం ఎంత సందు కావాలో దాని సూచనల పుస్తకం చెబుతుంది. నేను మాత్రం ఒక కిటికీని రెండు వేళ్లు పట్టేంత తీసి, పైకప్పు వెంటును (గాలి పోయే మూతను) కూడా కొంచెం ఎత్తి ఉంచుతాను. వేడి పోతుందన్న బాధ ఉంటుంది, ఓర్చుకోవాలి. హీటరును పరుపు మీదో కుర్చీ మీదో కాకుండా కదలని నేల మీద, దుప్పట్లకూ కర్టెన్లకూ మూడడుగుల దూరంలో పెట్టాలి. 7,000 అడుగులు దాటిన చోట ఆక్సిజన్ తగ్గితే పసిగట్టే సెన్సరు దానంతటదే మంటను ఆపేయవచ్చు; అది పాడయిందనుకుని నాబును నొక్కిపట్టి మండించే ప్రయత్నం చేయకూడదు. వంట పొయ్యిని వెలిగించి చలి కాచుకోవడం అసలే కూడదు.

సిలిండరు విషయంలో మన అలవాట్లను కొన్నింటిని ఇంటి దగ్గరే వదిలిరావాలి. మన గ్యాసు బండలో ప్రొపేన్‌తో పాటు బ్యూటేన్ కూడా ఉంటుంది, అది సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. అక్కడి బండలో ఉండే ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వరకూ ఆవిరవుతూనే ఉంటుంది కనుక బండను వేడి నీళ్లలో పెట్టవలసిన పని లేదు. దాన్ని పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటరులోకి వచ్చే ప్రమాదం ఉంది. కనెక్షన్ల మీద సబ్బు నురుగు రాసి, బుడగ ఉబ్బుతున్నదేమో ఒక నిమిషం ఓపికగా చూడాలి. ఫర్నేసు పొగగొట్టం మూతిలో కందిరీగల గూడు గానీ మంచు గానీ అడ్డుపడి ఉందేమో కూడా అప్పుడే చూసుకోవాలి.

ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువైనది, అందుకే గ్యాసు లీకును పసిగట్టే పరికరం నేలకు దగ్గరగా ఉంటుంది. దాన్నీ కార్బన్ మోనాక్సైడు అలారాన్నీ బటన్ నొక్కి పరీక్షించి, వెనుక ముద్రించిన గడువు తేదీని చదవాలి. మేము ఒకసారి అద్దెకు తీసుకున్న బండిలో ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంది. అమెరికా ప్రమాణం ప్రకారం 70 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 70 భాగాలు) దగ్గర అలారం మోగడానికి ఒక గంట నుంచి నాలుగు గంటల దాకా పట్టవచ్చు, 400 పీపీఎం దగ్గరైతే 4 నుంచి 15 నిమిషాల్లో మోగుతుంది. కాబట్టి అలారం మోగలేదు కదా అని తలనొప్పినీ వికారాన్నీ ప్రయాణపు అలసట కింద కొట్టిపారేయకూడదు.

గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చునూ ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి, సిలిండరు వాల్వు కట్టేయాలి. కార్బన్ మోనాక్సైడు అలారం మోగితే ముందు అందరూ బయటికి రావాలి, తలలు లెక్కపెట్టుకోవాలి, తరువాత అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి. అలాంటి చోట్ల సిగ్నలు తరచూ ఉండదు కనుక, ఫోన్ చివరిసారి ఎక్కడ పనిచేసిందో సాయంత్రం వచ్చే దారిలోనే గుర్తుపెట్టుకుని రావాలి.