చార్లెస్ నియమాన్ని సిరంజితో ఇంట్లోనే సరిగ్గా చూడటం ఎలా?

ఒత్తిడి మారకుండా ఉంచి గాలిని వేడిచేస్తే, కెల్విన్‌లో కొలిచిన ఉష్ణోగ్రత ఏ నిష్పత్తిలో పెరిగితే గాలి పరిమాణమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది, ఇదే చార్లెస్ నియమం. ముందే చెప్తున్నా, సీసా మూతికి బెలూన్ తొడిగి వేడినీళ్లలో పెట్టడం చార్లెస్ నియమం కాదు. సాగిన రబ్బరు లోపలి గాలిని నొక్కుతూనే ఉంటుంది, ఉబ్బే కొద్దీ ఆ నొక్కుడు మారుతుంది, ఇక ఒత్తిడి స్థిరంగా ఎక్కడుంది? చెన్నైలో మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఏటా సైన్స్ ఎగ్జిబిషన్‌కి అదే పట్టుకెళ్తుంటే చూసి చూసి విసుగొచ్చింది.

కావలసినవి: 30 మి.లీ. గాజు సిరంజి (సర్జికల్ షాపుల్లో అడగండి), థర్మామీటర్, లోతైన గిన్నె, ఐసు, వేడినీళ్లు, ఎం-సీల్. ప్లాస్టిక్ సిరంజి వద్దే వద్దు, దాని రబ్బరు పట్టేస్తుంది.

పిస్టన్‌ని 20 మి.లీ. దగ్గర ఉంచి, సిలికా జెల్ పొట్లాలతో పాటు మూత గట్టి డబ్బాలో ఒక రాత్రి పెట్టండి. తీసిన వెంటనే మూతిని ఎం-సీల్‌తో మూసేయండి. ఇది చాదస్తం కాదు. లోపల ఒక్క నీటిచుక్క ఉన్నా 60 డిగ్రీల దగ్గర ఐదో వంతు చోటు ఆవిరిదే అవుతుంది. మన చెన్నై గాలిలో ఉండే తేమైతే ఐసు నీళ్లలో నీరై పడి కొలత తగ్గించేస్తుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త గే-లుసాక్ 1802లో, వేడికి వాయువులు ఎంత ఉబ్బుతాయో కొలిచిన తన ముందువాళ్ల లెక్కలు కుదరకపోవడానికి కారణం పాత్రల్లో మిగిలిన తడేనని తేల్చాడు.

ఇప్పుడు అందరూ పాడుచేసే చోటు, రీడింగ్. గాలి ఉన్న భాగమంతా నీళ్లలో మునగాలి, పిస్టన్ చేరే పైఅంచు మాత్రం బయటే ఉండాలి. సిరంజి ప్రతిసారీ నిలువుగానే ఉండాలి, ఎందుకంటే పిస్టన్ బరువు కూడా గాలిని నొక్కుతుంది, ఒకసారి నిలువుగా ఒకసారి వాలుగా పెడితే ఒత్తిడి మారినట్టే. ఐదు నిమిషాలు ఆగండి, నీళ్లు కలుపుతూ. తర్వాత పిస్టన్‌ని కొద్దిగా కిందికి నొక్కి వదిలి ఒక రీడింగ్, కొద్దిగా పైకి లాగి వదిలి ఇంకో రీడింగ్ రాసుకోండి. రాపిడి వల్ల రెండూ ఒకటి కావు, వాటి సగటే మీ కొలత. ఆత్రంగా ఒక్కసారి చూసి రాసేస్తే మీరు కొలిచింది రాపిడినే.

లెక్క సెల్సియస్‌లో చేయకండి, 273 కలిపి కెల్విన్‌లోకి మార్చండి. గదిలో 30 డిగ్రీలకి 20 మి.లీ. ఉంటే, 60 డిగ్రీలకి 20ని 333తో గుణించి 303తో భాగించాలి, దాదాపు 22 వస్తుంది. ఐసు నీళ్లలో 4 డిగ్రీలకి 18.3. మీ కొలతలో అర మి.లీ. కంటే ఎక్కువ తేడా వస్తే ముందు ఎం-సీల్ చుట్టూ బుడగలు వస్తున్నాయేమో చూడండి.