పురుగును తట్టుకునే అలసంద చిన్న రైతుకు అందాలంటే
ముందు ఏ పురుగో తేల్చుకోండి, జన్యువు సంగతి తర్వాత. అలసందలో అసలు దెబ్బ కొట్టేది మారుకా మచ్చల పురుగు. పూతలో, కాయలో దూరి తింటుంది కాబట్టి పైన కొట్టిన మందు దానికి సరిగా తగలదు, అందుకే మొక్కలోనే క్రై1ఏబీ అనే బీటీ జన్యువు (మట్టిలోని ఒక బ్యాక్టీరియా నుంచి తీసుకున్నది, పురుగును చంపే ప్రోటీన్‌ను మొక్కలోనే తయారుచేయిస్తుంది) పెట్టారు, నైజీరియా 2019లో సాగుకు ఒప్పుకుంది.

ఆ జన్యువును రైతులు ఇప్పటికే ఇష్టపడే రకంలోకే ఎక్కించండి. రుచి, పంటకాలం మారితే ఎవరూ వేయరు! భద్రతా పరీక్షలు, అనుమతులు పూర్తయ్యాకే విత్తనం ఇవ్వాలి.

పేనుబంక, తామర పురుగుల మీద ఇది పనిచేయదని మొదటి రోజే చెప్పండి, లేకపోతే నమ్మకం పోతుంది. హైబ్రిడ్ కాదు కాబట్టి విత్తనం దాచుకోవచ్చు. పక్కనే కొంత మామూలు అలసంద కూడా వేయించండి, పురుగు త్వరగా బీటీకి అలవాటు పడకుండా.