పట్టణంలోకి పటాలాన్ని దించే ముందు

ఏటా పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగ నాడు విజయనగరం మూడు లాంతర్ల దగ్గర జనంలో నిలబడి, ఇక్కడ కాల్పులు మొదలైతే నా కంపెనీ, అంటే నా వెంట ఉండే జవాన్ల దళం, ఎటు నుంచి బయటపడుతుందా అని చూసుకుంటాను. రిటైరైన సుబేదారుకు అదొక జబ్బు. త్వరలో కంపెనీలు నడపబోయే మన జిల్లాల కుర్రవాళ్లకు అది ఇప్పుడే అంటుకోవడం మంచిది.

ముందు తిరుగుదారి చూసుకోండి, బాబూ. 1987 అక్టోబరులో శ్రీలంకలోని జాఫ్నా విశ్వవిద్యాలయ మైదానంలో మన సైన్యపు సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మంది హెలికాప్టర్లలో దిగారు. మన వైర్‌లెస్ మాటలు విన్న తమిళ పులుల దళం ఎల్‌టీటీఈ అప్పటికే కాచుకుని ఉంది. తర్వాతి విడత దిగలేకపోయింది. 29 మంది చనిపోయారు, ఒకరు పట్టుబడ్డారు. పక్కనే చిక్కుకున్న మన కమాండోల కోసం ట్యాంకులు రైలు పట్టాల వెంట వెళ్లవలసి వచ్చింది. రెండో విడత రాకపోతే ఏం చేయాలో చివరి జవానుకు కూడా బయలుదేరే ముందే తెలియాలి.

ట్యాంకు ఉందన్న ధీమా వద్దు. 1994 డిసెంబరు 31న రష్యా సేన చెచెన్యా రాజధాని గ్రోజ్నీ వీధుల్లోకి వాహనాలను బారులుగా పంపింది. చెచెన్లు ముందు బండినీ వెనుక బండినీ కొట్టారు, మధ్యవి ఇరుక్కున్నాయి. ఇరుకు వీధిలో ట్యాంకు గొట్టం పై అంతస్తుకు లేవదు, నేలమాళిగకు వంగదు. కాలినడకన సిపాయిలు తోడు లేనిదే సందులోకి బండి వెళ్లకూడదు.

నీళ్లు, మందుగుండు, స్ట్రెచర్లు మీ లెక్కకు రెట్టింపు పెట్టుకోండి.

ఇక తిరుగుబాటు ప్రాంతమైతే, శ్రీకాకుళం వాళ్లకు ఆ పాఠం ఇంట్లోదే. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు ఇద్దరు గిరిజనులను చంపారు. కోర్టులో నిందితులు విడుదలయ్యారు. కొండల్లో గిరిజనుల సాయుధ పోరు ముదిరింది. 1970లో దాని నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయాక అది సన్నగిల్లింది. అయితే ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చట్టాన్ని బిగించిందీ ఆ ఏడాదే. అంటే తగువు ఎక్కడుందో సర్కారుకు తెలుసన్నమాట! మీరు మొదటి రోజే తెలుసుకోండి: భూమి ఎవరిది, అప్పు ఎవరికి. కబురు తెచ్చినవాడికీ, ఆ కబురులో పేరున్నవాడికీ గట్టు తగాదా ఉందేమో కనుక్కోండి. సవర గిరిజనుల పల్లెకు వెళ్తే సవర మాట వచ్చినవాడిని వెంటబెట్టుకోండి.

సోదాలో ఏం పగిలిందో ఇంటావిడ ఎదుటే కాగితం మీద రాసి, సంతకం చేసి ఇవ్వండి. ఒకసారి పగిలిన పాలకుండకు నేను అలా రాసివ్వలేదు. ఆ వీధిలో మళ్లీ మాకు ఎవరూ కబురు చెప్పలేదు.