ఫ్రాన్స్ పాత పట్టణంలో ఫర్నిచర్‌తో సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్: విశాఖ నుంచి వెళ్లేవారికి

మన ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఇల్లు కావాలంటే టులెట్ బోర్డు చూసి ఓనరుతో మాట్లాడి, అడ్వాన్సు ఇస్తే తాళాలు చేతికొస్తాయి. చదువుకో ఉద్యోగానికో ఫ్రాన్స్ వెళ్లి, లియోన్ వంటి నగరాల పాత పట్టణంలో ఉండదలచినవారికి ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ అంతా కాగితాల మీద నడుస్తుంది, ఆ కాగితాలు సరిగ్గా ఉంటే అద్దెదారుకే మేలు.

ప్రకటనలో 'టీ2' అని ఉంటే ఒక హాలు, ఒక బెడ్‌రూమ్ అని, 'మ్యుబ్లే' అని ఉంటే ఫర్నిచర్‌తో ఇస్తున్నారని అర్థం. అలా ఇచ్చే ఇంట్లో ఏమేమి ఉండాలో 2015 నాటి ప్రభుత్వ ఉత్తర్వు నిర్దేశించింది: దుప్పటితో సహా పరుపు, బెడ్‌రూమ్ కిటికీకి కర్టెన్లో రెక్కలో, పొయ్యి, ఓవెన్ లేదా మైక్రోవేవ్, ఫ్రిజ్, వంట సామాను, పళ్లాలు, బల్ల, కుర్చీలు, అరలు, దీపాలు, ఇల్లు శుభ్రం చేసుకునే సామగ్రి. కుక్కరు, మిక్సీ మాత్రం అందులో లేవు.

పాత లియోన్‌ను 1964లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 1998లో యునెస్కో వారసత్వ జాబితాలోనూ చేర్చారు. అందువల్ల అక్కడ కిటికీలు మార్చాలన్నా ఓనరుకు అనుమతి కావాలి. రాతి గోడల అందానికి మురిసిపోయే ముందు ఇంటి ఇంధన గ్రేడు చూడాలి. అది 'ఏ' (అన్నిటికంటే మంచిది) నుంచి 'జీ' (అన్నిటికంటే అధ్వాన్నం) వరకు ఉంటుంది. 2025 జనవరి 1 నుంచి జీ గ్రేడు ఇంటిని కొత్తగా అద్దెకు ఇవ్వకూడదు. 'ఈ', 'ఎఫ్' గ్రేడుల ఇంట్లో కరెంటు హీటర్లు ఉంటే, హీటరు అవసరమే తెలియని విశాఖ మనిషికి చలికాలం బిల్లు చూసి గుండె జారుతుంది. లిఫ్టు ఉందా, ఎన్నో అంతస్తు అన్నది కూడా ముందే అడగాలి, ఎందుకంటే ఇరుకైన మెలికల మెట్ల మీద రెండు పెద్ద సూట్‌కేసులు మోయడం తేలిక కాదు.

ఇల్లు చూడకుండా, ఒప్పందం లేకుండా డబ్బు పంపకూడదు. వీడియో కాల్‌లో కుళాయి తిప్పించి, కిటికీ తెరిపించి చూడాలి. అక్కడ సాయంత్రం ఆరయ్యేసరికి మనకు వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర అవుతుంది. చాలామంది ఓనర్లు ఫ్రాన్స్‌లో ఉండే హామీదారునే కోరతారు కనుక, విద్యార్థులు విజాల్ అనే ఉచిత హామీ పథకానికి దరఖాస్తు చేసుకోవడం మంచిది.

ఫర్నిచర్ ఇంటి ఒప్పందం సాధారణంగా ఏడాది, విద్యార్థులకైతే తొమ్మిది నెలలు కూడా ఉండవచ్చు. నిర్వహణ ఖర్చులు కలపని రెండు నెలల అద్దెకు డిపాజిట్ మించకూడదు. ఖాళీ చేయాలంటే ఒక నెల ముందు తెలియజేస్తే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది తాళాలు తీసుకునే రోజు ఇద్దరూ సంతకం చేసే ఇంటి స్థితి పత్రం, 'ఎటా దె లియ్యూ'. ఓనరు తొందరపెట్టినా తలూపకుండా, టీ కప్పు అంచు విరిగిందా, చెక్క నేల మీద గీత ఉందా, షవర్ పక్కన బూజు పట్టిందా అని ఒక్కొక్కటీ చూసి రాయించాలి, ఫొటోలు తీయాలి. "బాగుంది" అని ఒక్క మాట రాసి వదిలేస్తే, తర్వాత ప్రతి మరకా మన ఖాతాలోకే వస్తుంది. ఏదైనా మరచిపోతే పది రోజుల లోపు చేర్చమని కోరవచ్చు. హీటర్ల సంగతైతే, వాటిని వాడే కాలం మొదలైన మొదటి నెలలోనూ అడగవచ్చు. తాళాలు తీసుకునే రోజుకే ఇంటి బీమా పత్రం సిద్ధంగా ఉండాలి, అది అద్దెదారు బాధ్యత.

ఖాళీ చేసేటప్పుడు రాసే పత్రం మొదటి దానితో సరిపోలితే డిపాజిట్‌ను నెలలోగా, తేడాలుంటే రెండు నెలల్లోగా లెక్క చూపి తిరిగి ఇవ్వాలి.